పిల్లల లుకేమియాలో క్రోమోజోముల లోపాలు, బతికే అవకాశాలు

పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. వైద్యులు దీన్ని క్లుప్తంగా ఏఎల్ఎల్ అంటారు. 1960ల తొలినాళ్ళలో ఈ జబ్బు వచ్చిన పదిమంది పిల్లల్లో ఒక్కరు బతికి బట్టకట్టడం కూడా కష్టంగా ఉండేది. ఇప్పుడు వైద్య వసతులు బాగా ఉన్న దేశాల్లో పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్ళు దాటుతున్నారు, వారిలో అత్యధికులకు జబ్బు పూర్తిగా నయమవుతోంది. ఈ 90 శాతం అన్న అంకె నిజమే గానీ, అది ఎన్నో వేర్వేరు జబ్బుల సగటు. సూక్ష్మదర్శినిలో ఒకేలా కనిపించే కణాలున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి మామూలు కీమోథెరపీతోనే 95 శాతం దాకా నయమయ్యే అవకాశం ఉండవచ్చు, రెండో బిడ్డకు అదే చికిత్స ఇస్తే సగం అవకాశం కూడా ఉండకపోవచ్చు. ఈ తేడాకు మూలం చాలావరకు క్యాన్సర్ కణంలోని క్రోమోజోముల్లో ఉంటుంది.

రిపోర్టులో ఫలానా క్రోమోజోమ్ లోపం ఉందని చదివిన తల్లిదండ్రులు వెంటనే ఇంటర్నెట్‌లో ఆ పేరు వెతుకుతారు. అక్కడ దొరికే శాతాలు వారిని కుంగదీయవచ్చు, లేదా అవసరానికి మించిన భరోసా ఇవ్వవచ్చు. నిజానికి ఏ క్రోమోజోమ్ లోపానికీ తనకంటూ ఒక మనుగడ శాతం ఉండదు. ఆ లోపం ఉన్న పిల్లలకు ఫలానా కాలంలో ఫలానా చికిత్స ఇచ్చినప్పుడు వచ్చిన ఫలితమే ఆ శాతం. చికిత్స మారితే అంకె మారుతుంది, కొన్ని లోపాల విషయంలో తలకిందులైంది కూడా. ఈ ఒక్క సంగతిని గట్టిగా పట్టుకుంటే మిగతా చిక్కుముడులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

అంతకన్నా ముందు ఒక అపోహ తొలగాలి. లుకేమియా రిపోర్టులో కనిపించే క్రోమోజోమ్ లోపాలు దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కణాలకే పరిమితం. ఆ బిడ్డ చర్మంలోనో, గుండెలోనో, కాలేయంలోనో ఉన్న కణాలను పరీక్షిస్తే 46 క్రోమోజోములూ సవ్యంగానే ఉంటాయి. రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జలో ఒకానొక కణం విభజన చెందేటప్పుడు జరిగిన పొరపాటు దాని సంతతికంతా సంక్రమించి, ఆ సంతతే జబ్బుగా పెరుగుతుంది. కాబట్టి తల్లి వైపు నుంచి వచ్చిందా, తండ్రి వైపు నుంచి వచ్చిందా అన్న ప్రశ్నకు చాలా సందర్భాల్లో అర్థమే లేదు. దీనికి ఉన్న కొద్దిపాటి మినహాయింపులు ముఖ్యమైనవే, అవి వాటి చోట వస్తాయి.

లెక్క తప్పడం, అతుకు మారడం

క్రోమోజోముల లోపాలను రెండు పెద్ద రకాలుగా చూడవచ్చు. మొదటిది సంఖ్యలో తేడా: 46 ఉండాల్సిన చోట 55 ఉండడం, లేదా 27 మాత్రమే ఉండడం. రెండోది నిర్మాణంలో తేడా: ఒక క్రోమోజోమ్ ముక్క తెగి మరొకదానికి అతుక్కోవడం. దీన్నే ట్రాన్స్‌లొకేషన్ అంటారు. అలా అతుకుపడిన చోట రెండు వేర్వేరు జన్యువుల భాగాలు కలిసి, ప్రకృతిలో లేని కొత్త జన్యువు, అంటే సంలీన జన్యువు, పుడుతుంది. అది తయారుచేసే సంలీన ప్రోటీన్ కణాన్ని ఎదగనివ్వకుండా పసితనంలోనే ఆపేయవచ్చు, లేదా ఆగకుండా విభజించమని ఆదేశిస్తూ ఉండవచ్చు.

క్యాన్సర్‌కూ క్రోమోజోములకూ ఉన్న సంబంధాన్ని జర్మన్ జీవశాస్త్రవేత్త థియోడోర్ బోవెరీ 1914లోనే ఊహించాడు. కానీ మనిషి కణంలో క్రోమోజోములు 46 అని ఖాయంగా తేలిందే 1956లో. ఆ తరవాత నాలుగేళ్ళకు, 1960లో, ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ క్రానిక్ మైలాయిడ్ లుకేమియా (నెమ్మదిగా ముదిరే మరో రక్త క్యాన్సర్) రోగుల కణాల్లో మామూలుకన్నా పొట్టిగా ఉన్న క్రోమోజోమ్ ఒకటి గుర్తించారు. ఆ నగరం పేరుతోనే దాన్ని ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటారు. అది 9వ, 22వ క్రోమోజోముల మధ్య ముక్కలు తారుమారు కావడం వల్ల ఏర్పడిందని 1973లో జానెట్ రౌలీ నిరూపించింది. పిల్లల ఏఎల్ఎల్‌లో క్రోమోజోముల సంఖ్యను బట్టి ఫలితం మారుతోందని లోర్నా సెకర్-వాకర్, ఆమె సహచరులు 1978లో ప్రకటించారు. అప్పటిదాకా వయసు, తెల్ల కణాల సంఖ్య మాత్రమే చూసి చికిత్స తీవ్రతను నిర్ణయించేవారు. ఇప్పటికీ ఆ రెండూ చూస్తారు, కానీ తీర్పు వాటితో ఆగదు.

ఒక రిపోర్టును దగ్గరగా చదివితే

క్యారియోటైప్ అనే పరీక్ష చూడడానికి పాతకాలపుదే అయినా, దాన్ని చేయడం నైపుణ్యంతో కూడిన పని. ఎముక మజ్జ నుంచి తీసిన కణాలను ఒకటి రెండు రోజులు పెంచి, అవి విభజన చెందుతున్న దశలో మందుతో ఆపుతారు. ఉప్పు గాఢత తక్కువగా ఉన్న ద్రావణంలో ఉంచి కణాన్ని ఉబ్బేలా చేస్తారు. తరవాత గాజు పలకపై చుక్కగా వేసి రంగు పట్టిస్తారు. అప్పుడు ప్రతి క్రోమోజోమ్‌పైనా అడ్డచారలు కనిపిస్తాయి. ఆ చారలను బట్టి ఏది ఏ క్రోమోజోమో గుర్తుపట్టి, సాధారణంగా ఇరవై కణాలను పరిశీలించి రిపోర్టు రాస్తారు.

ఉదాహరణకు రిపోర్టులో ఇలా ఉందనుకుందాం: 55, ఎక్స్ఎక్స్, +ఎక్స్, +4, +6, +10, +14, +17, +18, +21, +21 [12] / 46, ఎక్స్ఎక్స్ [8]. దీని అర్థం సూటిగానే ఉంటుంది. బిడ్డ ఆడపిల్ల. చూసిన ఇరవై కణాల్లో పన్నెండింటిలో 55 క్రోమోజోములు ఉన్నాయి, అదనంగా వచ్చినవి ఏవేవో ప్లస్ గుర్తులతో చెప్పారు, అందులో 21వ క్రోమోజోమ్ రెండు కాపీలు ఎక్కువగా ఉంది. మిగతా ఎనిమిది కణాలూ మామూలువి, అంటే మజ్జలో ఇంకా మిగిలి ఉన్న ఆరోగ్యకరమైన కణాలు. ఎనిమిది మామూలు కణాలు కనిపించాయి కాబట్టి జబ్బు తక్కువగా ఉందని అనుకోకూడదు. మజ్జ నిండా క్యాన్సర్ కణాలే ఉన్నా, వాటికన్నా ఆరోగ్యకరమైన కణాలే ప్రయోగశాలలో చురుగ్గా విభజన చెంది లెక్కలోకి ఎక్కువగా రావచ్చు. అందుకే, ఇరవై కణాలూ మామూలుగా ఉన్నాయన్న రిపోర్టు వచ్చినా లోపమేమీ లేదని కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఇక్కడే ఫిష్ అనే పరీక్ష అవసరం అవుతుంది. మెరిసే రంగు చేర్చిన చిన్న డీఎన్ఏ ముక్కలను పంపి, ఫలానా జన్యువు ఎక్కడుందో, ఎన్ని కాపీలుందో, విరిగిందో లేదో చూస్తారు. దీనికి కణం విభజన చెందుతూ ఉండాల్సిన పని లేదు, వందల కణాలను చూడవచ్చు. అయితే ఫిష్ అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది, వెతకని లోపాన్ని పట్టుకోలేదు. అందుకే ఈ పరీక్షలు ఒకదాని స్థానంలో ఒకటి వచ్చేవి కావు. ఇటీవల కణంలోని ఆర్ఎన్ఏను అక్షరం అక్షరంగా చదివే ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ కూడా తోడై, పాత పద్ధతులకు చిక్కని సంలీన జన్యువులను బయటపెడుతోంది.

ఎక్కువైతే మేలు, తక్కువైతే గండం

పైన చెప్పిన ఉదాహరణను హైపర్‌డిప్లాయిడీ అంటారు. బి-కణాల (రోగనిరోధక తెల్ల కణాల్లో ఒక రకం) ఏఎల్ఎల్ ఉన్న పిల్లల్లో పాతిక నుంచి ముప్ఫై శాతం మందిలో ఇది కనిపిస్తుంది, క్రోమోజోములు 51 నుంచి 67 వరకు ఉంటాయి. క్యాన్సర్ కణంలో ఇంత గందరగోళం ఉంటే జబ్బు మొండిదని అనిపించడం సహజం. కానీ ఈ పిల్లల్లో 90 శాతానికి పైగా బతుకుతారు. ముఖ్యంగా 4వ, 10వ క్రోమోజోములు మూడేసి కాపీలున్నప్పుడు ఫలితాలు ఇంకా బాగుంటాయి. దీనికి ఒక కారణాన్ని చాలా సూక్ష్మంగా పట్టుకోగలిగారు. ఏఎల్ఎల్ చికిత్సకు ప్రాణాధారమైన మెథోట్రెక్సేట్ అనే మందును కణంలోకి చేరవేసే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువు 21వ క్రోమోజోమ్‌పై ఉంది. ఆ క్రోమోజోమ్ మూడో నాలుగో కాపీలున్న కణం మందును ఎక్కువగా లోపలికి లాక్కుని, ఎక్కువసేపు నిలవ ఉంచుకుని, దానివల్లే చచ్చిపోతుంది. క్యాన్సర్‌కు దారితీసిన లోపమే దాని చావుకూ తలుపు తీసిందన్న మాట.

దీనికి సరిగ్గా ఎదురుకొసలో ఉన్నది హైపోడిప్లాయిడీ, అంటే 44 కన్నా తక్కువ క్రోమోజోములు ఉండడం. ఇది ఒకటి రెండు శాతం పిల్లల్లోనే కనిపిస్తుంది గానీ, ఫలితాలు బాగా తక్కువ. 2007లో వెలువడిన ఒక అంతర్జాతీయ విశ్లేషణలో ఇలాంటి పిల్లల్లో సుమారు సగం మందే ఎనిమిదేళ్ళు దాటినట్టు తేలింది. 2019 నాటి మరో విశ్లేషణలో ఐదేళ్ళ మనుగడ సుమారు 60 శాతంగా ఉంది. దాత నుంచి తీసిన రక్త మూలకణాలను ఎక్కించే మూలకణ మార్పిడి చేస్తే మెరుగవుతుందేమోనని చాలాకాలం ఆశించారు, కానీ దాని వల్ల స్పష్టమైన లాభం కనిపించలేదు. ఇందులోనూ రెండు రకాలున్నాయి. 32 నుంచి 39 క్రోమోజోములున్న రకంలో దాదాపు అందరి క్యాన్సర్ కణాల్లోనూ కణం క్యాన్సర్‌గా మారకుండా కాపలా కాసే టీపీ53 జన్యువు దెబ్బతిని ఉంటుంది. మొదట్లో చెప్పిన మినహాయింపుల్లో ఒకటి ఇదే: ఈ రకం ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి ఆ టీపీ53 లోపం ఒంట్లోని అన్ని కణాల్లోనూ, అంటే పుట్టుకతోనే ఉంటుంది. అది లి-ఫ్రామెనీ సిండ్రోమ్ అనే, క్యాన్సర్ ముప్పును పెంచే వంశపారంపర్య స్థితి. అప్పుడు మూలకణాలు దానం చేసేందుకు ముందుకొచ్చే అన్నదమ్ములకో అక్కచెల్లెళ్ళకో కూడా అదే లోపం ఉందేమో చూడకుండా అడుగు వేయకూడదు. మొత్తం కుటుంబం జన్యు సలహా తీసుకోవాలి.

ఈ రెండు కొసల మధ్య ఒక ఉచ్చు ఉంది. నా దృష్టిలో ఈ విషయమంతటిలో అత్యంత జాగ్రత్త అవసరమైనది ఇదే. 27 క్రోమోజోములున్న కణం కొన్నిసార్లు తన సామగ్రినంతా రెట్టింపు చేసుకుంటుంది. అప్పుడు దానిలో 54 ఉంటాయి. లెక్కపెట్టి చూస్తే హైపర్‌డిప్లాయిడీలా, అంటే మంచి లక్షణంలా కనిపిస్తుంది. సంఖ్య ఒకటే అయినా జబ్బులు పూర్తిగా వేరు. తేడా కనిపెట్టాలంటే ఏ క్రోమోజోమ్ ఎన్ని కాపీలుందో చూడాలి. నిజమైన హైపర్‌డిప్లాయిడీలో పెరిగినవి ఎక్కువగా మూడేసి ఉంటాయి. రెట్టింపైన కణంలో క్రోమోజోములు రెండేసి గానీ నాలుగేసి గానీ ఉంటాయి, మూడేసి ఉండడం అరుదు. పైగా రెండేసి ఉన్నవి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన జత కావు, ఒకే క్రోమోజోమ్‌కు రెండు నకళ్ళు. ఎస్‌ఎన్‌పీ మైక్రోఅర్రే అనే పరీక్ష ఈ సంగతిని స్పష్టంగా చూపిస్తుంది. కణంలోని డీఎన్ఏ మొత్తాన్ని మాత్రమే కొలిచే పరీక్షతో సరిపెట్టుకుంటే, గట్టి చికిత్స కావలసిన బిడ్డకు తేలికపాటి చికిత్స అందే ప్రమాదం ఉంది. రిపోర్టులో 50 నుంచి 60 మధ్య సంఖ్య కనిపించినప్పుడు, ఇది రెట్టింపైన హైపోడిప్లాయిడీ కాదని నిర్ధారించుకున్నారా అని అడగడం ఏ తల్లిదండ్రులకైనా న్యాయమైన ప్రశ్నే.

పుట్టకముందే మొదలయ్యే జబ్బు

12వ, 21వ క్రోమోజోముల మధ్య ముక్కలు మారి ఈటీవీ6–రన్ఎక్స్1 అనే సంలీన జన్యువు ఏర్పడడం పిల్లల ఏఎల్ఎల్‌లో ఇంచుమించు నాలుగో వంతు మందిలో కనిపిస్తుంది. ఇంత సాధారణమైన లోపం 1990ల మధ్య వరకు ఎవరి కంటా పడలేదు. మారిన ముక్కలు ఒకేలాంటి రంగు, పొడవు ఉన్నవి కావడంతో మామూలు క్యారియోటైప్‌లో ఈ మార్పు కనిపించదు. ఫిష్ లాంటి పరీక్షలతోనే బయటపడుతుంది. ఫలితాలు చాలా మంచివి, 90 శాతాన్ని దాటి 95 శాతానికి చేరువవుతున్నాయి.

ఈ లోపం గర్భంలోనే పుడుతుందని తేలిన తీరు గురించి ఒక మాట చెప్పాలి. ఒకే మాయను పంచుకున్న సమరూప కవలలిద్దరికీ లుకేమియా వచ్చినప్పుడు, ఇద్దరి కణాల్లోనూ క్రోమోజోమ్ సరిగ్గా డీఎన్ఏలోని ఒకే అక్షరం దగ్గర తెగి ఉంది. అది యాదృచ్ఛికంగా జరగడం అసాధ్యం. ఒక కవలలో పుట్టిన కణం మాయ ద్వారా రెండో కవలకు చేరిందన్నమాట. తరవాత, లుకేమియా వచ్చిన పిల్లల పుట్టుకనాటి రక్తపు చుక్కలను, కాగితంపై ఆరబెట్టి దాచినవాటిని, తీసి చూస్తే వాటిలోనూ అదే సంలీన జన్యువు దొరికింది. అయితే ఇలా కవలల్లో ఒకరికి జబ్బు వస్తే రెండోవారికి వచ్చే అవకాశం పది శాతం ప్రాంతమే. ఆ లోపంతో పుట్టిన శిశువుల్లో అత్యధికులకు ఎప్పటికీ లుకేమియా రాదు. జబ్బు రావాలంటే పుట్టిన తరవాత మరికొన్ని జన్యు దెబ్బలు తగలాలి. అందువల్ల, గర్భంతో ఉన్నప్పుడు తామేదో తప్పు చేశామని మథనపడే తల్లులకు స్పష్టంగా చెప్పాలి: ఈ మార్పుకు కారణమైన తప్పు ఫలానాదని చూపగలిగే ఆధారం ఏదీ లేదు.

చికిత్స మారితే అంకె మారుతుంది

ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ పిల్లల ఏఎల్ఎల్‌లో మూడు నుంచి ఐదు శాతం మందిలో ఉంటుంది. 9వ, 22వ క్రోమోజోముల అతుకులో పుట్టిన బీసీఆర్–ఏబీఎల్1 ప్రోటీన్ టైరోసిన్ కైనేజ్ అనే రకం ఎంజైమ్. అది కణానికి ఆగకుండా విభజించమని సంకేతం పంపుతూ ఉంటుంది. ఒకప్పుడు ఏఎల్ఎల్‌లో ఇంతకన్నా భయపడే మాట మరొకటి ఉండేది కాదు. కీమోథెరపీతో పాటు మూలకణ మార్పిడి చేసినా ఫలితాలు అంతంతమాత్రమే. ఆ ఎంజైమ్‌ను సూటిగా అడ్డుకునే ఇమాటినిబ్ మందుకు 2001లో అమెరికాలో అనుమతి లభించింది, అయితే అది క్రానిక్ మైలాయిడ్ లుకేమియా కోసం. దాన్ని పిల్లల ఏఎల్ఎల్‌లో కీమోథెరపీకి జోడించి చేసిన ప్రయోగ ఫలితాలు 2009లో వెలువడ్డాయి. అంతకుముందు మూడేళ్ళ పాటు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు 35 శాతం కాగా, ఇమాటినిబ్‌ను నిరంతరంగా తీసుకున్నవారిలో అది 80 శాతానికి చేరింది. తరవాతి పరిశీలనల్లో ఈ అంకె కొంత తగ్గినా, మార్పిడి లేకుండానే చాలామందిని బతికించవచ్చని రుజువైంది. క్రోమోజోమ్ అదే, అతుకు అదే, పిల్లలూ అలాంటివారే. మారిందల్లా మాత్ర ఒక్కటి. పాత పుస్తకంలో ఈ లోపం ఎదురుగా రాసి ఉన్న శాతాన్ని నేటి బిడ్డకు అన్వయించడం ఎంత పెద్ద పొరపాటో ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేం.

ప్రత్యేకంగా కొత్త మందు లేకపోయినా, ఉన్న మందులనే తీవ్రంగా వాడడం వల్ల ఫలితం మారిన సందర్భమూ ఉంది. 21వ క్రోమోజోమ్ లోపలే ఒక భాగం పదేపదే నకలై ఉబ్బిపోయే లోపాన్ని ఐఏఎంపీ21 అంటారు. సుమారు రెండు శాతం మందిలో, కాస్త పెద్ద పిల్లల్లో కనిపిస్తుంది. వీరిలో తెల్ల కణాల సంఖ్య తక్కువగా ఉండడంతో పైకి జబ్బు సాధువుగా కనిపించి, తేలికపాటి చికిత్సే అందేది. బ్రిటన్‌లో జరిగిన పరిశీలనలో, అలా చికిత్స పొందినవారిలో ఐదేళ్ళ పాటు ఏ అవాంతరమూ లేకుండా ఉన్నవారు 29 శాతమే. తరవాతి ప్రణాళికలో వీరిని అధిక ముప్పు వర్గంలో చేర్చి తీవ్రమైన చికిత్స ఇచ్చాక అది 78 శాతానికి పెరిగింది. లోపాన్ని గుర్తించడమే ఇక్కడ సగం చికిత్స. 1వ, 19వ క్రోమోజోముల అతుకు కూడా ఇలాంటిదే. ఒకప్పుడు చెడు లక్షణమనుకున్న ఇది ఇప్పటి చికిత్సతో మామూలు ఫలితాలిస్తోంది, కాకపోతే మెదడు, వెన్నుపాముల్లో తిరగబెట్టకుండా ప్రత్యేకంగా కాచుకోవాలి.

ఏడాది నిండని శిశువుల లుకేమియా దాదాపు వేరే జబ్బు. వీరిలో 70 నుంచి 80 శాతం మందిలో 11వ క్రోమోజోమ్‌పై ఉన్న కేఎంటీ2ఏ జన్యువు విరిగి మరోదానితో అతుక్కుని ఉంటుంది. ఈ లోపం ఒక్కటే జబ్బు తెచ్చేంత బలమైనది కాబట్టి పుట్టిన కొద్ది నెలలకే బయటపడుతుంది. సమరూప కవలల్లో ఒక శిశువుకు వస్తే రెండోవారికీ రావడం దాదాపు ఖాయం. దశాబ్దాల పాటు కీమోథెరపీని ఎంత పెంచినా ఫలితాలు సగం దగ్గరే ఆగిపోయాయి, పసివాళ్ళ శరీరాలు అంతకుమించి తట్టుకోలేవు కూడా. 2023లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో 30 మంది శిశువులకు కీమోథెరపీతో పాటు బ్లినటూమోమాబ్ అనే మందును ఒక విడత ఇచ్చారు. ఈ మందు రోగి సొంత టి-కణాలను (రోగనిరోధక కణాలను) క్యాన్సర్ కణాలకు చేరువ చేసి వాటితోనే చంపిస్తుంది. రెండేళ్ళ పాటు జబ్బు లేకుండా ఉన్నవారు అంతకుముందు 49 శాతం కాగా, ఇందులో సుమారు 82 శాతం. ముప్ఫైమంది చిన్న సంఖ్యే, రెండేళ్ళు చిన్న కాలమే. అయినా ఇంత కాలం కదలని అంకె కదిలింది. దీనికి తోడు, కేఎంటీ2ఏ లోపం పనిచేసే యంత్రాంగంలోని మెనిన్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే రెవ్యుమెనిబ్‌కు 2024 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. జబ్బు తిరగబెట్టినవారికి, చికిత్సకు లొంగనివారికి, ఏడాది నిండినవారి నుంచి పెద్దల వరకు దీన్ని వాడవచ్చు.

2009లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా మరో వర్గాన్ని గుర్తించాయి. ఈ పిల్లల కణాల్లో జన్యువుల పనితీరు అచ్చం ఫిలడెల్ఫియా రకంలాగే ఉంటుంది, కానీ ఆ క్రోమోజోమ్ ఉండదు. ఈ ఫిలడెల్ఫియా తరహా లుకేమియా వయసు పెరిగేకొద్దీ, కౌమారంలో మరీ ఎక్కువగా కనిపిస్తుంది, తిరగబెట్టే ముప్పు ఎక్కువ. వీరిలో కొందరికి ఏబీఎల్ కుటుంబంలోని జన్యువులే వేరే జోడీలతో అతుక్కుని ఉంటాయి కాబట్టి, ఇమాటినిబ్ లాంటి మందులు పనిచేసే వీలుంది. వెతికితేనే దొరుకుతుంది, దొరికితేనే మందు ఇవ్వగలం.

మైలాయిడ్ లుకేమియా, డౌన్ సిండ్రోమ్

పిల్లల లుకేమియాల్లో ఆరో వంతు వరకు అక్యూట్ మైలాయిడ్ రకానివి, అంటే మరో వర్గపు రక్తకణాల్లో పుట్టేవి. ఇక్కడ మొత్తం మీద ఫలితాలు ఏఎల్ఎల్ కన్నా తక్కువే అయినా, క్రోమోజోములను బట్టి తేడాలు ఇంకా తీవ్రం. 8వ, 21వ క్రోమోజోముల అతుకు, 16వ క్రోమోజోమ్‌లో ఒక భాగం తిరగబడడం మంచి లక్షణాలు. 7వ క్రోమోజోమ్ ఒకటి పూర్తిగా లోపించడం చెడు లక్షణం. 15వ, 17వ క్రోమోజోముల అతుకుతో వచ్చే ప్రోమైలోసైటిక్ రకం తొలి రోజుల్లో రక్తస్రావంతో ప్రాణం తీయగలదు. ఆ గండం గడిస్తే, విటమిన్ ఎ సంబంధిత ట్రెటినోయిన్, ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ కలిపి ఇచ్చే చికిత్సతో 95 శాతానికి పైగా పిల్లలు నయమవుతారు.

పుట్టుకతోనే 21వ క్రోమోజోమ్ మూడు కాపీలుండే డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో లుకేమియా ముప్పు ఎక్కువ. వారికి నాలుగేళ్ళలోపు వచ్చే మైలాయిడ్ లుకేమియాలో మాత్రం 90 శాతం మంది దాకా బతుకుతారు, ఎందుకంటే ఆ కణాలు సైటరబిన్ అనే మందుకు త్వరగా లొంగిపోతాయి. అందుకే వారికి మందుల మోతాదు తగ్గించి ఇస్తారు. అదే పిల్లలకు ఏఎల్ఎల్ వస్తే పరిస్థితి వేరు. మందుల దుష్ప్రభావాలు, ఇన్ఫెక్షన్లు వారిని ఎక్కువగా దెబ్బతీస్తాయి, జబ్బు తిరగబెట్టే ముప్పూ అధికమే.

క్రోమోజోమ్ ఒక్కటే చెప్పేది కాదు

చికిత్స మొదలైన నాలుగైదు వారాలకు మజ్జను మళ్ళీ తీసి, సూక్ష్మదర్శినికి కనిపించనంత తక్కువగా మిగిలిన క్యాన్సర్ కణాలను లెక్కిస్తారు. దీన్ని ఎంఆర్‌డీ పరీక్ష అంటారు. పదివేల కణాల్లో ఒకటి కన్నా తక్కువ ఉంటే మంచి స్పందనగా భావిస్తారు. ఈ రోజున ఏఎల్ఎల్‌లో ఫలితాన్ని అన్నిటికన్నా బలంగా సూచించేది ఇదే. కానీ దీన్ని కూడా క్రోమోజోములతో కలిపే చదవాలి. ఈటీవీ6–రన్ఎక్స్1 ఉన్న కణాలు త్వరగా తుడిచిపెట్టుకుపోతాయి, హైపర్‌డిప్లాయిడీ ఉన్నవి నెమ్మదిగా పోతాయి, అయినా రెండిటి అంతిమ ఫలితం మంచిదే. అంటే ఒకే ఎంఆర్‌డీ అంకె ఇద్దరు పిల్లల్లో రెండు రకాల ముప్పును సూచించవచ్చు. హైపోడిప్లాయిడీ ఉన్నా తొలి దశలోనే ఎంఆర్‌డీ పూర్తిగా పోయిన పిల్లలు అది పోనివారికన్నా స్పష్టంగా మెరుగ్గా ఉంటారు.

మంచి లక్షణాల వర్గంలోనూ, చెడు లక్షణాల వర్గంలోనూ పడని పిల్లలు చాలామంది ఉంటారు. మధ్యస్థ ముప్పు అనే ఈ వర్గంపై ఎక్కువ మంది దృష్టి పడదు గానీ, తిరగబెట్టే కేసుల్లో సంఖ్యాపరంగా వీరి వాటా పెద్దది. ఇలాంటి పిల్లలకు కీమోథెరపీకి బ్లినటూమోమాబ్ జోడిస్తే మూడేళ్ళ పాటు జబ్బు లేకుండా ఉన్నవారు 87.9 శాతం నుంచి 96 శాతానికి పెరిగినట్టు 2024 డిసెంబరులో వెల్లడైంది. మంచి లక్షణాలున్న పిల్లలకు లాభం వేరే రూపంలో ఉంటుంది: వారికి చికిత్సను పెంచాల్సిన పని లేదు, గుండెను, సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీసే మందులను తగ్గించవచ్చు. చిన్న వయసులో నయమైన బిడ్డ ముందు దశాబ్దాల జీవితం ఉంటుంది కాబట్టి ఇది ఏ విధంగానూ తక్కువ లాభం కాదు.

శాతాలు చదివేటప్పుడు, అవి ఏ కాలం నాటి చికిత్సవో, ఎంతమంది పిల్లల లెక్కో, కేవలం బతికి ఉన్నవారిని లెక్కించారా లేక జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారిని లెక్కించారా అన్నది చూడాలి. ఈ చివరి రెండూ ఒకటి కావు, ఎందుకంటే తిరగబెట్టినవారిలో కూడా కొందరు రెండో చికిత్సతో నయమవుతారు. వైద్యులను అడగదగిన ప్రశ్నలు కూడా వీటినుంచే వస్తాయి: క్యారియోటైప్ సఫలమైందా, ఏయే ఫిష్ పరీక్షలు చేశారు, సంలీన జన్యువుల కోసం విడిగా వెతికారా, ఎంఆర్‌డీని ఏ రోజున చూస్తారు. వీటన్నిటిలో ఆలస్యం పనికిరానిది ఫిలడెల్ఫియా పరీక్ష. కీమోథెరపీ మొదలైన రెండు వారాల ప్రాంతంలోనే ఇమాటినిబ్ లేదా అలాంటి మందు జోడించాలి కాబట్టి, ఆ ఫలితం అప్పటికి వైద్యుల చేతిలో ఉండి తీరాలి.